నలభై సెకన్ల ఆలస్యం

ఆ ఏడు మా బేస్‌బాల్ జట్టు ఏప్రిల్‌ నుంచే ఓడిపోవడం మొదలుపెట్టింది. మా ఆయన లైల్ అలాస్కా వెళ్ళింది జూన్ రెండో వారంలో. ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేదు కానీ, నాకు రెండూ కలిసే గుర్తొస్తాయి.

ట్రాక్టర్ సీట్లు కుట్టే ఫ్యాక్టరీ అంతకుముందు అక్టోబరులో మూతపడింది. ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడ పనిచేసిన మనిషి ఆ తర్వాత వంటగది బల్ల దగ్గర కూర్చున్నాడు. తాగలేదు, అరవలేదు, నా మీద విసుక్కోలేదు. కాఫీ కప్పు పట్టుకుని, నేను ఎటు తిరిగితే అటు చూస్తూ కూర్చునేవాడు. మార్చిలో ఒకరోజు, బడి వంటశాలలో మూడు వందల మంది పిల్లలకి వడ్డించి ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా అనేశాను. "నువ్విలా ఎదురుగా కూర్చుంటే నాకు ఊపిరాడటం లేదు లైల్."

అతను లేచి, కప్పు కడిగి బోర్లించి, గరాజ్‌లోకి వెళ్ళాడు. ఆ రోజు నుంచి అక్కడ కూర్చున్నాడు. మేలో సరుకుల కొట్టు గోడ మీద కాగితం చూశాడు, అలాస్కాలో చేపల ఫ్యాక్టరీకి మనుషులు కావాలని. యాభై ఆరేళ్ళవాణ్ణి తీసుకుంటారా అని ఫోన్ చేసి అడిగితే, పెట్టెలు మడిచే గదిలోకి తీసుకుంటామన్నారు. ఆగస్టు చివరికల్లా వచ్చేస్తానన్నాడు. వెళ్ళొద్దని నేను అనలేదు. అతను ఆ మాట కోసం రెండు రోజులు ఆగాడని కూడా నాకు తెలుసు.

అతని దిగులల్లా బేస్‌బాల్ గురించే. మాది ఐయోవా. మా జట్టు ఆడే ఊరు మాకు అయిదు గంటల దూరం. ఆట వినాలంటే మా ఇంట్లో శాటిలైట్ రేడియోనే దిక్కు. సబ్బుబిళ్ళంత పెట్టె అది. అగ్గిపెట్టెంత యాంటెన్నాని దక్షిణం వైపు కిటికీలో పెడితే ఆకాశం నుంచి ఆట వచ్చిపడేది. అలాస్కాలో అది పలకదని లైల్ ముందే కనుక్కున్నాడు. ఆ రేడియోవాళ్ళు ఇంటర్నెట్‌లో పాటలూ వార్తలూ ఇచ్చేవాళ్ళు కానీ ఆటలు ఇచ్చేవాళ్ళు కాదు.

ఆ సంగతి విని పక్కింటి మెర్ల్ వచ్చాడు. టెలిఫోన్ స్తంభాలెక్కి నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయాక, తీగ కనిపిస్తే చాలు పండగ చేసుకునేవాడు.

"ఏమ్మా లావోన్, మీ ఆయన చేపల మధ్యకి పోతున్నాడట. ఆట లేకుండా బతుకుతాడా?"

"స్కోరు చేపల్ని అడుగుతాళ్ళే" అన్నాను.

మెర్ల్ మా రేడియోకి ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రంలోంచి ఒక తీగ లాగి, నా పాత కంప్యూటర్ వెనక గుచ్చాడు. ఏదో ప్రోగ్రాం ఎక్కించాడు. లైల్ కొనుక్కున్న చిన్న ల్యాప్‌టాప్‌లో ఒక చిరునామా కొట్టాడు. పిల్లల పలకంత ఉంటుందది, లైల్ వేళ్ళకి దాని మీటలు ఆనేవి కావు. దాన్ని పట్టుకుని మెర్ల్ తన ఇంటికి వెళ్ళి, వరండాలోంచి మాకు చెయ్యి ఊపాడు. మా వంటింట్లో మోగే రేడియో అక్కడ మోగుతోంది.

"అలాస్కా అయినా అంతే" అన్నాడు తిరిగొచ్చి. "నెట్ ఉంటే చాలు. నీ రేడియో ఇక్కడే ఉంటుంది, నువ్వక్కడ వింటావు. ఒకటే తిరకాసు. ఛానల్ అక్కణ్ణుంచి మార్చలేవు."

ఆట ఏ ఊళ్ళో అన్నదాన్ని బట్టి ఛానల్ రోజుకొకటి. లైల్, మెర్ల్ ఇద్దరూ నా వైపు చూశారు.

"సరేలే" అన్నాను.

"ఇంకోటి. ఇక్కడ మోగిన నలభై సెకన్లకి అక్కడ మోగుతుంది. పోయి రావాలిగా పాపం" అన్నాడు మెర్ల్.

"అంటే నాకంటే ముందు ఈవిడకి తెలుస్తుందన్నమాట" అన్నాడు లైల్.

"పెళ్ళాలకి ఎప్పుడూ ముందే తెలుస్తుంది నాయనా" అని మెర్ల్ నవ్వాడు. లైల్ కూడా నవ్వాడు. చాలా నెలల తర్వాత అతని పళ్ళు చూశాను.

జూన్, జులై అలా గడిచాయి. సాయంత్రం ఏడింటికి పావుగంట ముందు ఫోన్ మోగేది.

"నూట ఎనభై మూడు" అనేవాడు.

నేను మీట తిప్పి, "మార్చాను" అనేదాన్ని.

"థాంక్స్. అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది. అక్కడ?"

"వాన."

అంతే. వేసవి సెలవుల్లో బడి వంటశాల ఉండదు కాబట్టి రోజంతా ఇంట్లోనే ఉండేదాన్ని. కంప్యూటర్ తెర కింద ఒక మూల 'ఒకరు వింటున్నారు' అని వచ్చేది. ఆ ఒకరి కోసం స్పీకర్లలో ఆట నడుస్తుంటే, నేను బీన్స్ తుంచుకుంటూ, గిన్నెలు కడుక్కుంటూ తిరిగేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. బల్ల ఖాళీ. గరాజ్ ఖాళీ. అర్ధరాత్రి లేచి ఎవరైనా మేలుకుని ఉన్నారా అని చెవులు రిక్కించక్కర్లేదు. అతను గుర్తొస్తే సంతోషమూ కలిగేది కాదు, బెంగా కలిగేది కాదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది ఇస్తాడు చూడండి, బుగ్గ మనదే కానీ మనది కాదన్నట్టుంటుంది. అలా ఉండేది.

ఒకసారి మాత్రం పొరపాటు చేశాను. అతను ఆట మధ్యలో ఫోన్ చేసి కారు ఇన్సూరెన్స్ కాగితం ఎక్కడుందో చెబుతున్నాడు. మా వాడొకడు బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టాడు. "అబ్బ" అన్నాను. లైల్ మాట ఆపేశాడు. నలభై సెకన్లు ఇద్దరం నోరు మెదపలేదు. ఆ తర్వాత అతని వైపు నుంచి జనం అరుపు వినిపించింది.

"చెప్పేశావుగా" అన్నాడు.

"నేనేమీ చెప్పలేదు."

"అబ్బ అన్నావుగా."

ఆ రోజు నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఫోన్‌లో ఉన్నంతసేపూ ఏం జరిగినా నేను కిక్కురుమనకూడదు. అది నాకు కష్టమేమీ కాలేదు.

ఆగస్టులో టమాటాలు ఒక్కసారిగా పండిపోయాయి. పదమూడో తేదీ గురువారం నాడు, నిల్వ పెట్టడానికి పెద్ద కుండలో సీసాలు మరుగుతున్నాయి, నేను తొక్కలు వలుస్తున్నాను. ఛానల్ ఎప్పుడో మార్చేశాను. మూడో ఇన్నింగ్స్‌లో ఫోన్ మోగింది. మోచేతుల దాకా రసం. ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"సెప్టెంబరులో కూడా పని ఉందంటున్నారు లావోన్" అన్నాడు. "చేపల్ని గడ్డకట్టించే చోట. ఇంకో నెల ఉండిపోవచ్చు."

"అలాగే" అన్నాను.

అప్పుడు వ్యాఖ్యాత, ముసలాయన, రేడియోలో పెద్ద గొంతుతో ఒక మాటన్నాడు. నా ఎడమ చెవిలో వంటింట్లోంచీ, కుడి చెవిలో ఫోన్‌లోంచీ. ఒకేసారి. మధ్యలో గోరంత సందు లేదు. జనం అరిచారు. రెండు చెవుల్లోనూ ఒకేసారి అరిచారు.

నేను చేతిలో టమాటా పెట్టుకుని నిలబడ్డాను. లైల్ ఇంకా మాట్లాడుతున్నాడు, గడ్డకట్టించే చోట చేతి తొడుగులు రెండు జతలు వేసుకోవాలట. మళ్ళీ విన్నాను. బాల్, స్ట్రైక్, బాల్ అంటున్నాడు ముసలాయన. ఇక్కడెలా ఉంటే అక్కడలాగే. అతని దగ్గర మోగేది మా ఇంటి రేడియో కాదు. అదే ఆకాశం నుంచి నేరుగా ఆటని అందుకునే ఇంకో శాటిలైట్ రేడియో. అది అలాస్కాలో పలకదు.

కంప్యూటర్ తెర వైపు చూశాను. 'ఒకరు వింటున్నారు' అనే ఉంది. నాకు అర్థం కాలేదు.

"వాన పడుతోందా?" అని అడిగాను.

"ఇక్కడెప్పుడూ వానేగా" అన్నాడు లైల్.

"మరి జాగ్రత్త" అన్నాను. సీసాలన్నీ మూతలు బిగించి, పద్నాలుగు లెక్కపెట్టి, బల్ల మీద వరసగా పేర్చాను. ఒక్కటి కూడా పగల్లేదు.

మర్నాడు పొద్దున్న లైల్ అక్క ఆర్డిత్‌కి ఫోన్ చేశాను. గంటంబావు దూరంలో, వాళ్ళ పాత పొలం దగ్గరే ఒంటరిగా ఉంటుందావిడ. ఇద్దరు మొగుళ్ళని సాగనంపిన మనిషి. అబద్ధం చెప్పడానికి ఓపిక లేదని తనే అంటుంటుంది.

"ఆర్డిత్, లైల్ అక్కడున్నాడా?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. "చెప్పొద్దన్నాడు."

"ఎప్పుడొచ్చాడు?"

"జులై ముప్ఫైన. చేపలు తగ్గిపోయాయట, ముసలాళ్ళని ముందు పంపించేశారు. వెనకాల నా క్యాంపర్ బండిలో పడుకుంటున్నాడు. పడుకుంటున్నాడంటే పడుకోవడానికి మాత్రమే. మిగతాసేపు నా పికప్ ట్రక్కులో కూర్చుని శాటిలైట్ రేడియో. నేను ఊళ్ళోకి వెళ్ళాలంటే వీడి ఆట అయిపోవాలి. బ్యాటరీ రెండుసార్లు చంపేశాడు."

"బాగానే తింటున్నాడా?"

"తింటున్నాడు. నువ్వొచ్చి తీసుకుపో లావోన్. నాకు అడ్డమేమీ కాదు, కానీ చూళ్ళేకపోతున్నా. మీ ఇద్దరికీ ఏమైందంటే చెప్పడు. నువ్వేదో అన్నావని మాత్రం అన్నాడు."

"ఏమన్నానట?"

"అదీ చెప్పడు. నువ్వన్నది నిజమేనంటాడు."

ఆర్డిత్ ఇంకేదో అడిగింది, నేను పొయ్యి మీద ఏదో మాడుతోందని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఏడింటికి పావుగంట ముందు ఫోన్ మోగింది. "నూట డెబ్భై తొమ్మిది" అన్నాడు. మీట తిప్పాను. "మార్చాను" అన్నాను. నాకు తెలిసిపోయిందని చెప్పవచ్చు. కానీ చెప్తే, ఆ వెంటనే ఇంటికొచ్చెయ్ అని కూడా అనాలి. ఆ రెండో మాట నా నోటికి వస్తుందో రాదో నాకు నమ్మకం లేదు. అందుకని మొదటిది కూడా మింగేశాను.

ఇరవై రెండో తేదీ శనివారం. ఆట మధ్యాహ్నం. ఛానల్ మార్చి, కారు తీశాను. ఎందుకు బయల్దేరానో చెప్పలేను. దారి పొడుగునా మొక్కజొన్న కారుకంటే ఎత్తు ఎదిగి ఉంది. రోడ్డు వంపు తిరిగేచోట చేను ఆగిపోయి, ఆర్డిత్ ఇల్లు మొత్తం కనిపిస్తుంది.

పికప్ నీడలో ఉంది. తలుపు తెరిచి ఉంది. లైల్ సీట్లో పక్కకి తిరిగి, ఒక కాలు బయట పెట్టి కూర్చున్నాడు. చిక్కిపోయాడు. స్టీరింగ్ ముందు డాష్‌బోర్డ్ మీద, అద్దం దగ్గర, ఆ చిన్న ల్యాప్‌టాప్ తెరిచిపెట్టి ఉంది. ఆర్డిత్ ఇంట్లోంచి పొడవాటి నారింజరంగు తీగ గడ్డిలోంచి పాక్కుంటూ దాని దాకా వచ్చింది. పక్కనే పికప్ రేడియో ఉండగా ఇదెందుకో అనుకున్నాను. అతను తల వంచుకుని దానికేసే చూస్తున్నాడు.

కారు ఆపాను కానీ ఇంజన్ ఆపలేదు. దిగితే అరవై అడుగులు. ఇది నా మొగుడు, ముప్ఫైఒక్క ఏళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం, ఇప్పుడు నాకేదో ఒకటి అనిపించాలి అని కూర్చున్నాను. కోపమైనా సరే, జాలైనా సరే. ఏమీ రాలేదు. ధాన్యం గోదాము దగ్గర కారు తిప్పుకుని వచ్చేశాను. దారిలో ఆగి పాలు కొన్నాను.

తర్వాతి సోమవారం బడి తెరిచారు. పొద్దున్న అయిదున్నరకి వెళ్ళి మూడింటికి వచ్చేసరికి కాళ్ళు పీకేవి. ఇరవై తొమ్మిదో తేదీన, వినేవాడికి అవసరం లేనిదాన్ని ఎందుకు నడపడమని కంప్యూటర్ ఆపేశాను. రేడియో కూడా ఆపేశాను. ఫోన్ వచ్చినప్పుడు సోఫాలో పడుకుని ఉన్నాను.

"నూట ఎనభై."

"మార్చాను" అన్నాను, లేవకుండా.

కాసేపు ఆగాడు. "థాంక్స్" అన్నాడు.

సెప్టెంబరంతా ఇంతే. ఇద్దరం క్రమం తప్పలేదు. మెర్ల్ కంచె అవతల నుంచి అడిగేవాడు, "లైన్ బాగానే పనిచేస్తోందా లావోన్? ఏమైనా ఉంటే చెప్పు, ఒక్క నిమిషంలో వచ్చి చూస్తా." శుభ్రంగా పనిచేస్తోందని చెప్పేదాన్ని. "చూశావా, ఎంత దూరం" అని సంబరపడేవాడు. ఆయన మొహం చూసి మాత్రం సిగ్గేసేది.

అక్టోబరు నాలుగు, ఆదివారం, సీజన్‌లో ఆఖరి ఆట. గెలిచినా ఓడినా మారేదేమీ లేదు, మా జట్టు ఎప్పుడో అడుగుకి చేరింది. ఒంటిగంటకి లైల్ ఫోన్ చేసి నంబరు చెప్పాడు. మార్చానన్నాను. చర్చి నుంచి తెచ్చిన హామ్ ముక్కలు తిన్నాను, బట్టలు మడతపెట్టాను. మూడుంపావు అయింది. రేపటి నుంచి ఆట లేదు. ఆట లేకపోతే ఫోనూ లేదు. మడతపెట్టినవి దించి, నేనే నంబరు నొక్కాను. ఆ నాలుగు నెలల్లో నేనుగా చేయడం అదే మొదలు.

"లావోన్?" అన్నాడు. వెనకాల జనం సద్దు. "ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఎక్కడిదాకా వచ్చింది?"

"ఎనిమిదో ఇన్నింగ్స్."

"లైల్, నేను ఆ కంప్యూటర్ ఆపేసి నెల దాటింది. రోజూ మార్చానని ఊరికే చెప్తున్నా."

"తెలుసు."

"నువ్వు ఆర్డిత్ దగ్గరున్నావని నాకూ తెలుసు."

"ఊఁ. అక్క చెప్పింది, నువ్వు ఫోన్ చేశావని." అతని గొంతులో కంగారు లేదు. "కారు దిగొచ్చి పిలుస్తావేమో అనుకున్నా. రోడ్డు మీద నీ కారు చూశాను ఆ శనివారం."

నేను బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పికప్‌లో రేడియో ఉందిగా నీకు. ఆ ల్యాప్‌టాప్ ఎందుకు?"

"ఇందులో అయితే నువ్వు మార్చాలిగా. అక్క రేడియోలో ముందొస్తుంది. వచ్చాక ఆగుతా. నలభై సెకన్లకి ఇందులో వస్తుంది. ఓహో, లావోన్ లేచి మార్చింది అనుకునేవాణ్ణి. అంతే, ఇంకేం లేదు."

"ఆగస్టు చివర్లో రావడం మానేసిందిగా. మరి ఫోనెందుకు చేశావు రోజూ?"

"మార్చానని చెప్పేదానివిగా" అన్నాడు.

అతని వైపు ఎవరో బంతి కొట్టారు, ఎవరో పట్టుకున్నారు.

"ఇంటికి రానా లావోన్?" అన్నాడు.

చాలా తేలిక ప్రశ్న. రా అంటే సరిపోయేది. నెల్లాళ్ళు రోజుకొక అబద్ధం చొప్పున ఆడినదాన్ని, ఇంకొకటి ఆడితే అడిగేవాళ్ళు లేరు. ఆర్డిత్ సంతోషించేది, మెర్ల్ సంతోషించేవాడు. ఎదురుగా ఖాళీ బల్ల చూశాను.

"వద్దు లైల్" అన్నాను.

ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"సరే" అన్నాడు చివరికి. "శనివారం వచ్చి చలికోట్లు తీసుకెళ్తా. గరాజ్‌లో చిన్న బీరువా కూడా అక్కకి కావాలంటోంది."

"తీసుకెళ్ళు. భోజనం చేసి వెళ్దువుగాని."

"ఊఁ." తర్వాత, "ఇంకొక్క ఇన్నింగ్సే ఉంది" అన్నాడు.

ఏదో రాసుకున్న చప్పుడైంది. జనం సద్దు ఒక్కసారిగా దగ్గరికొచ్చింది. ఫోన్‌ని రేడియో పక్కన పెట్టాడు. నా రేడియో నాకు నాలుగడుగుల దూరంలో, కిటికీలోనే ఉంది. నేను లేవలేదు. అతని రేడియోనే విన్నాను, ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకుని. మా జట్టు రెండు పరుగుల తేడాతో ఓడిపోయింది. ముసలి వ్యాఖ్యాత అందరికీ ధన్యవాదాలు చెప్పాడు, మైదానం తుడిచేవాళ్ళకి, టికెట్లు చింపేవాళ్ళకి, పొలాల్లో ట్రాక్టర్ల మీద వినేవాళ్ళకి. ఏప్రిల్‌లో కలుద్దామన్నాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, ఆర్నెల్లుగా రానిది. మూతికి మడతపెట్టిన తువ్వాలు అడ్డం పెట్టుకుని, అవతలికి వినపడకుండా ఏడ్చాను.

వ్యాఖ్యాత గొంతు ఆగిపోయి ప్రకటనలు మొదలయ్యాక, లైల్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను" అన్నాను.